కళ్ళం మీద గీసిన విమానం

రెండో ప్రపంచ యుద్ధానికి కొన్నేళ్ళ ముందు ఒకసారి ఏలూరు మీదుగా ఒక విమానం వెళ్ళింది. మా నాన్నగారు అప్పుడు మిషన్ స్కూల్లో డ్రాయింగు మేష్టారు. పిల్లలూ పంతుళ్ళూ అందరూ మైదానంలోకి పరిగెత్తారు, ఆయనా పరిగెత్తారు. అది కనుమరుగయ్యేదాకా చేయి అడ్డం పెట్టుకుని చూసి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "దిగడానికి దానికి చోటు కావాలి. అదే దాని లోపం" అన్నారు. రెప్పపాటు చూసిన యంత్రానికి లోపాలు పట్టే మనిషి మీద నాకు ఒళ్ళు మండింది. అమ్మ పోయాక ఇల్లు నడిపేదాన్ని నేనే. ఆడపిల్లల స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి, మళ్ళీ ఇంట్లో వంట చేసి, పైన ఆకాశంలో లోపాల గురించి కూడా వినే ఓపిక నాకు ఉండేది కాదు.

అయితే ఆయన ఆ మాట ఊరికే అనలేదు. మా అక్కని కొల్లేటి లంకలో ఇచ్చారు. ఏలూరు నుంచి అక్కడికి వెళ్ళడం ఎండాకాలంలో సులువే, బండి ఇంటి ముందు దాకా పోతుంది. వానలు బాగా పడి కొల్లేరు నిండితే మరీ సులువు, పడవ ఎక్కి కూర్చుంటే చాలు. చిక్కంతా తొలకరిలో. లంకకి ఇవతల ఒక పల్లపు మేర ఉంది. నాలుగు వానలు పడగానే అక్కడ మోకాలి దాకా నీళ్ళు, నీళ్ళ కింద అడుసు. బండి చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది. పడవ తేలడానికి నీళ్ళు చాలవు. కొల్లేరు నిండేదాకా కొన్ని వారాలు ఆ లంక ఎవరికీ అందదు.

అక్క మొదటి కాన్పుకి మా ఇంటికి వస్తూ ఆ అడుసులోనే చిక్కుకుంది. పొద్దున ఎండలో బయలుదేరారు, దారిలో ఉండగా కుండపోతగా వాన కురిసింది, బండి దిగబడిపోయింది. నొప్పులు అక్కడే వచ్చాయి. బిడ్డ దక్కలేదు. ఈసారి కాన్పు ఆస్పత్రిలోనే జరగాలనీ, ఇంట్లో మంత్రసాని చేతిలో పెడితే తల్లికే ప్రమాదమనీ ఏలూరులో డాక్టరమ్మగారు నాతో ఖరాఖండీగా చెప్పారు. అక్క మళ్ళీ నెల తప్పింది. ఆ అడుసు దాటి రానని కబురు పంపింది. తడిగా ఉన్నా రాదట, పొడిగా ఉన్నా రాదట. ఏం జరిగినా లంకలోనే జరగనీ అంది.

నేను వెళ్ళి బతిమాలాను. తర్వాత కోప్పడ్డాను. నా నోటికి మా స్కూల్లో పెద్ద పంతులమ్మగారు కూడా జంకేవారు. అక్క మాత్రం అంతా విని, నా కంచంలో ఇంకో కొరమీను ముక్క వేసి, "ఆ రోజు పొద్దున కూడా ఎండే కాసిందే" అంది. తిరిగొచ్చేటప్పుడు బండిలో కూర్చుని, కోపమో దుఃఖమో తెలియక, దెందులూరు దాకా ఏడ్చాను.

అప్పుడు మొదలుపెట్టారు నాన్నగారు విమానం గీయడం.

ఆయన పద్ధతి వేరు. ముందు విమానం గీసి తర్వాత దాన్ని ఎక్కడ ఎగరేయాలో ఆలోచించడం తెలివితక్కువ పని అనేవారు. చోటు చెప్పినట్టు విమానం వినాలట. కొల్లేరు ఏం చెబుతోందని ఆదివారం గుడిలో ఆరాధన అయ్యి వస్తూ కూడా నన్ను అడిగేవారు. నేను చెప్పేదాకా ఆగేవారు కాదు. చక్రాలు పెడితే అడుసులో దిగుతాయి, కాబట్టి చక్రాలు వద్దు. పడవలాంటి కాళ్ళు పెడితే నాచు చుట్టుకుంటుంది, కాబట్టి అవీ వద్దు. పొట్ట పళ్ళెంలా చదునుగా ఉండి బురద మీద జారాలి. బురద మీద ఎక్కువ దూరం పరిగెత్తలేదు కనక త్వరగా లేవాలి. త్వరగా లేవాలంటే రెక్కలు పెద్దవి కావాలి. పెద్ద రెక్కలు కిక్కిస గడ్డిలో తగులుకుంటాయి. కాబట్టి గుడ్ల మీద కూర్చున్న కోడిలా రెక్కలు దగ్గరికి ముడుచుకుని, గడ్డి దాటాక విప్పుకోవాలి. పైన గూడబాతులు. ముందు పంకా పెడితే వాటికీ ప్రమాదం, మనకీ ప్రమాదం, అందుకని పంకా వెనక్కి పోయింది. ఎత్తు విషయంలో ఆయన చాలా రోజులు మథనపడి, చివరికి ఈ విమానం గడ్డికి పైనా పక్షులకి కిందా, అంటే తాటిచెట్టులో సగం ఎత్తున, ఎగరాలని తేల్చారు. అంతకు మించి ఎగిరితే అది కొల్లేటి విమానం కాదట.

గర్భిణి కుదుపుకి లోనుకాకూడదు గనక అక్క కూర్చునే పీట పైకప్పుకి ఉయ్యాలలా వేలాడుతుంది. ఆ పీట పక్కనే ప్రతి బొమ్మలోనూ ఒక చిన్న సున్నా ఉండేది. అదేమిటని అడిగితే, కాగితం చుట్టేసి, తర్వాత చెబుతానన్నారు.

పొట్టని పరీక్షించడానికి నా ఇత్తడి పళ్ళెం తీసుకుపోయారు. పెరట్లో నీళ్ళు పోసి బురద చేసి, పళ్ళెం మీద రుబ్బురోలు పొత్రం పెట్టి, తాడు కట్టి అటూ ఇటూ లాగారు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తూ, మేష్టారికి ఏమైనా మొక్కు ఉందేమోనని నన్ను గుట్టుగా అడిగారు. క్రైస్తవులం, మాకు పొత్రాన్ని ఊరేగించే మొక్కులు ఉండవని చెప్పాను. ఇంజను కోసం మా వీధి చివర రైసు మిల్లుకి పోయి రోజూ సాయంత్రం దాని ముందు నిలబడేవారు. తవుడు తూకంలో తేడా వచ్చి నిలదీయడానికి వస్తున్నారనుకుని మిల్లు గుమాస్తా ఆయనకి రోజూ మజ్జిగ ఇచ్చేవాడు. నాన్నగారు మజ్జిగ తాగి, ఇంజనుని తేరిపార చూసి, ఏమీ అర్థం కాకుండా తిరిగొచ్చేవారు.

వేసవి సెలవులకి ఇద్దరం లంకకి వెళ్ళాం. అక్కకి నెలలు నిండుతున్నాయి. నాన్నగారు చాప మీద బొమ్మలన్నీ పరిచారు. అక్క అత్తగారూ, మావగారూ, మా బావా, ఆయన పినతండ్రులూ, లంకలో ప్రార్థన నడిపే ఉపదేశిగారూ చుట్టూ మూగారు. అక్క వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది, చూడనట్టు.

అక్క మావగారు, అంటే మా మావయ్యగారు, పడవలు కట్టించిన మనిషి. బొమ్మలు కిందా మీదా తిప్పి చూసి, "అంతా బాగానే ఉంది బావగారండీ. గెడ ఏదండీ?" అన్నారు.

గెడ అంటే నీటి అడుగున గుచ్చి పడవని తోసే వెదురు. కొల్లేట్లో గెడ లేని వాహనాన్ని ఎవరూ నమ్మరు. గాలిలో గెడ దేనికి గుచ్చాలని నాన్నగారు అడిగారు. గాలిలో ఆగిపోతే దేనితో తోసుకోవాలని మావయ్యగారు అడిగారు. ఎవరి ప్రశ్న వాళ్ళకి న్యాయంగానే ఉంది. మధ్యాహ్నం భోజనాల దాకా వాదించుకుని, చెరో రెక్క మీదా ఒక్కో గెడ పెట్టడానికి రాజీ పడ్డారు. నాన్నగారు ముఖం మాడ్చుకునే గెడలు గీశారు.

తర్వాత మావయ్యగారు విమానాన్ని కూర్చోబెడదామన్నారు. అది ఆ లంకలో ఆనవాయితీ. కొత్త పడవ కట్టాలంటే కర్ర కొనే ముందు కళ్ళం మీద పడవంత కొలతలో బూడిదతో గీస్తారు. ఎక్కబోయే వాళ్ళందరూ ఎవరి పీట వాళ్ళు వేసుకుని ఆ గీతల్లో కూర్చోవాలి. ఒక పూట పోట్లాట లేకుండా గడిస్తే పడవ కట్టిస్తారు. పోట్లాట వస్తే గీత చెరిపి మళ్ళీ గీస్తారు. మా బావ పెళ్ళినాటి పడవ ఏడాది పాటు కళ్ళం మీదే ఉందట.

నూర్పిళ్ళు అయిపోయి కళ్ళం ఖాళీగా ఉంది. నాన్నగారు పురికొస కొలత పెట్టి, పొయ్యి బూడిదతో విమానం గీశారు. ఆయన గీత గురించి నేను వేళాకోళం చేయలేను. తోకా, పొట్టా, విప్పిన రెక్కలూ కళ్ళం నిండా పరుచుకున్నాయి.

ఎక్కించడం మొదలైంది. నాన్నగారు ముందు కూర్చుని, తిప్పే చక్రానికి బదులు జల్లెడ పట్టుకున్నారు. పినతండ్రులు పొట్టలో. బావా మావయ్యగారూ గెడలు పట్టుకుని చెరో పక్క. ఉపదేశిగారికి తోక ఇచ్చారు. దేవుని సేవకుణ్ణి పంకా దగ్గర కూర్చోబెడతారా అని ఆయన నొచ్చుకున్నారు. ఆపదంతా అక్కడే గనక ప్రార్థన కూడా అక్కడే అవసరమని నాన్నగారు సర్దిచెప్పారు. అత్తయ్యగారు కోళ్ళ గంప లేకుండా రానన్నారు. తను లేకపోతే అవి తిండి ముట్టవట. ఆవిడనీ గంపనీ ఎడమ రెక్క మీద పెట్టారు. ఆ బరువుకి సరితూగే మనిషి ఇక్కడ నేనొక్కదాన్నేనని నాన్నగారు అందరి ముందూ చెప్పి నన్ను కుడి రెక్క కొసన కూర్చోబెట్టారు. నేను ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

మధ్యలో అక్క పీట ఖాళీగా ఉంది.

ఎండ ఎక్కుతోంది. ఎవరూ మాట్లాడటం లేదు. మాట్లాడితే పోట్లాట అవుతుందని భయం. నాన్నగారు జల్లెడని అప్పుడప్పుడు కొంచెం పక్కకి తిప్పుతున్నారు, ఎటు తిప్పితే అటు అందరం కాస్త ఒరుగుతున్నాం. ఒరగమని ఎవరూ చెప్పలేదు. అంతలో అత్తయ్యగారికి కళ్ళు తిరిగాయి. కటిక నేల మీద, పీట మీద కూర్చున్న మనిషికి. "నాకు తిప్పేత్తందండి, నేను దిగిపోతాను" అని కాలు గీత దాటించబోయారు. మావయ్యగారు గెడ అడ్డం పెట్టి, "ఎక్కడికి దిగుతావు? గాల్లో ఉన్నాం" అన్నారు. పినతండ్రులు కూడా దిగకూడదన్నారు. తోకలోంచి ఉపదేశిగారు కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నారు. నాన్నగారు వెనక్కి తిరగకుండానే, "దింపుతున్నాను చెల్లెమ్మగారూ, కాస్త ఓపిక పట్టండి" అని జల్లెడని మెల్లగా ముందుకి వంచారు. అందరం ముందుకి వంగాం. "దిగింది" అని ఆయన అన్నాకే మావయ్యగారు గెడ తీశారు. అప్పటికి ఆవిడకి తిప్పడం తగ్గిపోయింది. దిగనన్నారు.

నాకు నవ్వు ఆగడం లేదు. నవ్వితే రెక్క ఊగుతుందని బావ కోప్పడ్డాడు. ఆ నవ్వులోనే అక్క లేచి రావడం చూశాను. గీత అవతలే ఆగింది.

"దీంట్లోంచి మధ్యలో ఎవరూ దిగడానికి లేదు కదా నాన్నా?" అంది.

నాన్నగారు అది యంత్రం గురించిన ప్రశ్న అనుకున్నారు. "లేదమ్మా. నేలకి వచ్చేదాకా లేదు" అన్నారు.

"ఆ రోజు అందరూ దిగిపోయారు" అంది అక్క. ఎవరివంకా చూడలేదు. "మావయ్యగారు ఎడ్ల కోసం వెళ్ళారు. ఈయన మంత్రసాని కోసం వెళ్ళారు. బండివాడు తాళ్ళ కోసం. అత్తయ్యగారు ఎవరైనా కనిపిస్తారేమోనని కేకలేసుకుంటూ వెళ్ళారు. ఎవరూ చెడ్డపని మీద వెళ్ళలేదు నాన్నా, అందరూ నాకోసమే వెళ్ళారు. వాడు పుట్టినప్పుడు బండిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఏడుస్తాడేమోనని చాలాసేపు చూశాను."

ఏడాదికి పైగా మేం అనుకున్నది వేరు. అడుసంటే భయమనుకున్నాం. ఆ భయానికి తగ్గట్టే నేను తిట్టాను, నాన్నగారు బొమ్మలు గీశారు. కళ్ళం మీద ఎవరూ కదల్లేదు. అత్తయ్యగారు కోళ్ళ గంపని రెండు చేతులతో పట్టుకుని తల వంచుకున్నారు. నాకు అక్క దగ్గరికి పరిగెత్తాలనిపించింది. కానీ రెక్క మీద ఉన్నాను.

"విమానం ఎప్పటికి తయారవుద్ది?" అని అడిగింది అక్క.

నాన్నగారు జల్లెడ ఒళ్ళో పెట్టుకున్నారు. "అవదమ్మా. నాకు ఇంజను సంగతి ఏమీ తెలీదు" అన్నారు.

అక్క చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, గీత జాగ్రత్తగా దాటి, తన పీట మీద కూర్చుంది. "అవకపోయినా ఫర్వాలేదు. ఎవరి చోట్లో వాళ్ళుంటే నేను వస్తాను" అంది. మర్నాడు పొద్దున్నే బండి కట్టాలనుకున్నారు.

తెల్లారేసరికి వాన. ఆ కాలంలో పడాల్సిన వాన కాదు. కళ్ళం మీద విమానం కొట్టుకుపోయి బూడిద మడుగు మిగిలింది. పల్లపు మేర మోకాలి దాకా అడుసైందని బావ చూసి వచ్చి చెప్పాడు. బండి సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు. పడవకి నీళ్ళు లేవు. అక్క ఇంక కదలదని అనుకుంటూ అందరం వరండాలో నిలబడ్డాం. అక్క మూట పట్టుకుని బయటికి వచ్చింది. వానని చూసింది. "ఎవరి చోట్లో వాళ్ళు రండి" అంది.

ఆ ప్రయాణాన్ని దారిలో ఎవరైనా చూసి ఉంటే ఏమనుకునేవారో. పినతండ్రులు అక్కని నులక మంచం మీద పడుకోబెట్టి భుజాలకి ఎత్తుకున్నారు. నాన్నగారు అందరికంటే ముందు, ముడిచిన గొడుగు రెండు చేతులతో చక్రంలా పట్టుకుని. బావా మావయ్యగారూ చెరో పక్క గెడ గుచ్చి లోతు చూసి చెబుతుంటే ఆయన అటూ ఇటూ తిరిగేవారు. వెనకాల ఉపదేశిగారు కీర్తన పాడుతూ. మంచానికి ఎడంగా, రెక్క ఎంత దూరం ఉందో అంత దూరంలో, అటు కోళ్ళ గంపతో అత్తయ్యగారు, ఇటు మంచినీళ్ళ కుండతో నేను. దగ్గరికి జరిగితే గట్టి నేల ఉంది, నాకు కనిపిస్తోంది. అయినా జరగలేదు. గడ్డి కాళ్ళని కోసేస్తున్నా ఆ కొసనే నడిచాను. అక్క మాటిమాటికీ తల తిప్పి ఈ రెక్కా ఆ రెక్కా చూసుకునేది.

సగం దూరంలో అత్తయ్యగారి కాలు జారింది. గంప మూత ఊడి, ఆవిడకి ప్రాణమైన నల్ల పెట్ట ఒకటి పైకి లేచి, రెక్కలు కొట్టుకుంటూ గడ్డి మీంచి పోయింది. ఆ మొత్తం విమానంలో నిజంగా ఎగిరింది అదొక్కటే. పినతండ్రుల్లో ఒకాయన పట్టుకోవడానికి అడుగు పక్కకి వేయబోతే, అత్తయ్యగారు నడుము దాకా బురదతో, "పోనియ్యండి, గాల్లో ఉన్నాం" అన్నారు. ఆవిడ అంతకు ముందు ఒక్క గుడ్డు తక్కువైతే లంకంతా వెతికే మనిషి. మంచం మీద అక్క నవ్వింది. నేను ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

పాప ఏలూరు ఆస్పత్రిలో పుట్టింది. పుట్టగానే గట్టిగా ఏడ్చింది. వరండాలో ఆ ఏడుపు విని నాన్నగారు గోడ వైపు తిరిగి నిలబడిపోయారు.

తర్వాత యుద్ధం రోజుల్లో తాడేపల్లిగూడెం దగ్గర విమానాలు దిగడానికి పెద్ద బాట వేశారు. అత్తిలిలో చుట్టాలింటికి వెళ్ళి వస్తూ నాన్నగారిని తీసుకుపోయి దూరం నుంచి చూపించాను. ముచ్చటపడతారనుకున్నాను. "ఇంత గట్టి నేల ఇస్తే ఎవరైనా ఎగురుతారు" అని, ఇంక వెళ్దామన్నారు.

పాపని లంకకి తీసుకువెళ్ళింది తను పుట్టిన ఏడాదే, దసరా సెలవుల్లో. కొల్లేరు నిండుగా ఉంది. లంక నుంచి పడవ మాకు ఎదురొచ్చింది. తోయడానికి ఇద్దరు మనుషులు చాలు, అయినా అందరూ వచ్చారు, ఉపదేశిగారితో సహా. ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. అత్తయ్యగారూ నేనూ చెరో అంచునా. నాన్నగారు తన సంచీలోంచి ఒక ఇనప కొక్కెం తీసి, పడవ గుడిసె వాసానికి బిగించి, పాత చీరతో ఉయ్యాల కట్టారు. బొమ్మల్లో ఆ చిన్న సున్నా ఈ ఉయ్యాల కొక్కెమేనని నాకు అప్పుడు తెలిసింది. తొలి బొమ్మ నుంచీ గీస్తూనే ఉన్నారు, తిరుగు ప్రయాణానికి.

కొంత దూరం పోయాక అక్క నీళ్ళవైపు చూసి, "ఇక్కడే" అంది. మావయ్యగారు గెడ దింపి పడవ ఆపారు. కింద అడుసు ఉందో లేదో కూడా కనిపించనంత నీళ్ళు. బావ తలగుడ్డ తీశాడు. ఉపదేశిగారు చేతులు జోడించారు. అక్క ఏడ్చినంతసేపూ పడవ అక్కడే ఉంది. ఎవరూ లేవలేదు, ఎవరూ పక్కకి జరగలేదు. పాప ఉయ్యాలలో నిద్రపోతోంది.

"ఇంక పదండి" అంది అక్క. మావయ్యగారు గెడ వేశారు.